అనుకూలం, వ్యతిరేకం, రెండూ

కాలిఫోర్నియాలో ఇళ్లు కట్టడం ఒక పరిశ్రమ అయితే, కట్టొద్దని చెప్పడం అంతకన్నా పెద్ద పరిశ్రమ. రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదేళ్లకోసారి లెక్కలు వేసి, ఇన్ని ఇళ్లకు చోటు చూపించండంటూ తాఖీదులు పంపుతుంది. 2023 నుంచి 2031 దాకా మా శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా వాటా 4,41,176 ఇళ్లు. వాటిని ఊళ్లవారీగా పంచుతారు. ప్రతి ఊరూ ఒకటే మాట: ఇళ్లు కావాల్సిందేనండీ, కాకపోతే పక్క ఊళ్లో.

ఇది చాలదన్నట్టు 2022 జనవరి 1 నుంచి ఎస్‌బీ 9 అనే చట్టం అమల్లోకి వచ్చింది. ఒక్క ఇంటికే కేటాయించిన స్థలంలో రెండు ఇళ్లు వేసుకోవచ్చు. స్థలాన్ని రెండుగా చీల్చుకుంటే నాలుగు కూడా లేస్తాయి. పక్కనా వెనకా నాలుగేసి అడుగులు వదిలితే చాలు. లెక్కలు సరిపోతే బహిరంగ విచారణ లేదు, పక్కింటివారి అభ్యంతరం చెల్లదు. పక్కింటివారికి అసలు బాధ అక్కడే.

మా మామయ్యగారు కోస్తాలో ఒక మున్సిపాలిటీలో, టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో రిటైరయ్యారు. అమెరికా వచ్చినవాళ్లు గోల్డెన్ గేట్ వంతెన చూసి నోరు తెరుస్తారు. ఆయన నోరు తెరిచింది వుడ్‌సైడ్ సంగతి విన్నప్పుడు. ఎస్‌బీ 9 తప్పించుకోవడానికి ఆ సంపన్నుల ఊరు 2022లో ఏం చేసిందంటే, ఊరు ఊరంతా కొండసింహాల ఆవాసమని తేల్చేసింది. రక్షిత జంతువులుండే చోట ఆ చట్టం వర్తించదుగా! రాష్ట్ర అటార్నీ జనరల్ రాబ్ బోంటా, ఇళ్లు కట్టేసిన నేల సింహాల ఆవాసం ఎలా అవుతుందని లేఖ రాస్తే, ఫిబ్రవరిలో వెనక్కి తగ్గింది.

"తగ్గితే తగ్గారు గానీ, ఆ కొర్రీ వేసినవాడు మామూలోడు కాదు అల్లుడుగారూ," అన్నారు మామయ్యగారు. "మా సర్వీసులో చెరువుల్ని పొలాలన్నాం, పొలాల్ని ప్లాట్లన్నాం. ఊరిని అడవి అనొచ్చని ఒక్కడికీ తట్టలేదు."

2023 జనవరిలో మా ఊరి కౌన్సిల్ ఈ ఇళ్ల కోటా మీద సమావేశం పెట్టింది. నెలాఖరులోగా ప్రణాళిక సిద్ధం కాకపోతే, చవకైన ఇళ్లు కొన్ని కలిపి ఎవరు ఎంత కట్టుకుంటామన్నా ఊరు కాదనడం కష్టం. నేను వెనక వరసలో కూర్చుని వినేసి వద్దామనుకున్నాను. మామయ్యగారు కూడా వస్తానన్నారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు.

గుమ్మం దగ్గర బల్ల మీద కార్డులున్నాయి. ఖాళీ ఫారం కనిపిస్తే నింపకుండా వదిలే మనిషి కాదాయన. నేను కారు పెట్టి వచ్చేసరికి ఒకటి నింపి ఇచ్చేశారు. అది హాజరు పట్టీ కాదు, మాట్లాడదలచినవాళ్లు ఇచ్చే కార్డు. అనుకూలమా, వ్యతిరేకమా అన్న చోట రెండు గళ్లలోనూ టిక్కు పెట్టారు.

"రెండూ ఎలా పెట్టారు?"

"ఫైలు ఎటు తిరుగుతుందో ముందే తెలుస్తుందా ఏంటి?"

హాలు కిటకిటలాడుతోంది. ఎడమవైపు పాత కాపురస్తులు, వాళ్ల మధ్యలో మా పక్కింటి పెద్దావిడ. ఏటా చలికాలంలో వాళ్ల చెట్టు నిమ్మకాయలు సంచీడు తెచ్చి ఇస్తుంది, మా ఇంటి పులిహోరంతా ఆవిడ దయే. కుడివైపు అద్దెలు కట్టలేక విసిగిన కుర్రకారు. జనం ఎక్కువవడంతో మనిషికి మూడు నిమిషాలు కాస్తా ఒక్క నిమిషం చేశారు.

మామయ్యగారి పేరు పిలిచారు. ఆయన మైకు సవరించుకుని, గౌరవనీయ మేయరు గారికి, వేదికనలంకరించిన సభ్యులకు, అధికారులకు, పుర ప్రముఖులకు, పాత్రికేయ మిత్రులకు ఇంగ్లీషులో నమస్కారాలు అర్పించారు. పాత్రికేయ మిత్రుల దగ్గర ఎర్రలైటు వెలిగింది.

గుమాస్తా అమ్మాయి జాలిపడి, అనువాదకుడు కావాలా, ఉంటే రెట్టింపు సమయం ఇస్తామంది. నిజంగానే ఇక్కడి సభల చట్టంలో అలా ఉంది. ఆ ముక్క వినగానే మామయ్యగారికి ఇంగ్లీషు పూర్తిగా మరుపొచ్చింది. నా వైపు చెయ్యి చూపించారు.

"అయ్యా, మీ ఊళ్లో నాకు కనిపించిన వింత, ప్లాన్లో ఎంతుందో ఇల్లూ అంతే ఉంది," అని తెలుగులో అందుకున్నారు. "మా దగ్గర రెండంతస్తులకు అనుమతిస్తే మూడోది దానంతటదే మొలుస్తుంది. మేం నోటీసిస్తాం, వాళ్లు స్టే తెస్తారు. ఆనక సర్కారు బీపీఎస్ అని స్కీము పెడుతుంది, జరిమానా కట్టి అందరూ సక్రమమైపోతారు. మీకు సర్కారే కట్టుకోండ్రా బాబూ అంటుంటే ఏడుపెందుకు?"

మా ఊరి క్రమశిక్షణకు ఆయన ముగ్ధులయ్యారని అనువదించాను. ఎడమవైపు చప్పట్లు.

"మా మనవరాలి టీచరమ్మ గంటన్నర కారు నడిపి వస్తుందట. ఆవిడకి ఈ ఊళ్లో ఒక వాటా ఇస్తే మీ సొమ్మేం పోయింది?"

ఇది ఉన్నదున్నట్టు చెప్పాను. కుడివైపు చప్పట్లు. ఇక్కడ ఆపితే బాగుండేది. ఇంకా ఇరవై సెకన్లున్నాయి.

"అలాగని మరీ గేట్లెత్తేయకండి. హైదరాబాద్‌లో 2006లో ఎఫ్ఎస్ఐ, అంటే ఇంత స్థలానికి ఇంతే కట్టాలనే లెక్కే తీసేశారు. రోడ్డు వెడల్పూ, చుట్టూ వదిలిన జాగా చూసి అంత ఎత్తు. ఇప్పుడు కోకాపేట వెళ్లి చూడండి, యాభై అంతస్తులు దాటి పోతున్నాయి. మీకు నాలుగిళ్లకే..."

నేను హడావిడిగా అనువదిస్తూ, హైదరాబాద్, ఎత్తుకు అడ్డు లేదు, యాభై అంతస్తులు అనేంతలో ఎర్రలైటు వెలిగి మైకు ఆగింది. ముందున్న "అలాగని మరీ" నా గొంతులోనే ఉండిపోయింది. హాలంతా హాహాకారం. పక్కింటావిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. కుర్రాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, ఒకడు వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు.

రాత్రి పదకొండున్నరకు కౌన్సిల్ ఈ అంశాన్ని వచ్చే సమావేశానికి వాయిదా వేసింది. "చూశారా, ఎక్కడైనా కౌన్సిల్ కౌన్సిలే," అన్నారు మామయ్యగారు తృప్తిగా.

సభ నివేదికలో మా ఊరికి యాభై అంతస్తులు సూచించిన పౌరుడిగా నా పేరెక్కింది. నిమ్మకాయలు ఆగిపోయాయి. మా ఆవిడ చింతపండు నానబెడుతూ, నాన్నని తీసుకెళ్లమని ఎవరన్నారని నన్ను నిలదీసింది.

ఆ నాన్నగారు మాత్రం పెరట్లో టేపు పట్టుకుని ఉన్నారు. ఎస్‌బీ 9 ప్రకారం చీల్చిన ముక్కల్లో ఏదీ నలభై శాతానికి తగ్గకూడదని ఎక్కడో చదివారట.

"ఎందుకైనా మంచిది, హద్దులు ఇప్పుడే చూసి ఉంచుతున్నా అల్లుడుగారూ. అరవై శాతం అమ్మాయికి, నలభై మీకు. నిమ్మచెట్టు పక్క ముక్క మీదే."