ఆ 21 రోజుల వెబ్ డిజైనింగ్ ఫార్వర్డ్ నాకు ఇంక పంపకండి

ఈ వారంలో నాలుగోసారి. స్కూల్ గ్రూపులో ఒకసారి, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకసారి, పాత రూమ్మేట్ "నువ్వు ఈ ఫీల్డే కదరా, నిజమేనా చూడు" అని ఒకసారి, నిన్న రాత్రి మా బాబాయి "తమ్ముణ్ణి ఇందులో చేర్పించమంటావా" అని. రాకెట్ బొమ్మలూ మంట బొమ్మలూ తీసేస్తే అందులో ఉన్నది ఇదీ: ఏమీ రానివాళ్ళు కూడా 21 రోజుల్లో వెబ్ డిజైనర్ అయిపోవచ్చు, హెచ్‌టీఎంఎల్ (పేజీలో ఏముండాలో రాసేది), సీఎస్ఎస్ (అది ఎలా కనిపించాలో చెప్పేది) అన్నీ పాత చింతకాయ పచ్చడి, ఏఐకి చెప్తే అదే చేసిపెడుతుంది, ఐ7 ల్యాప్‌టాప్ కావాలి, డిగ్రీ అక్కర్లేదు, ఫ్రీ వీడియోలు చూస్తే జన్మలో రాదు, మా బ్యాచ్‌లో చేరితే నెలకి 50 వేలు గ్యారంటీ. ఫీజు 14,999. ఈరోజే ఆఖరు. (నాలుగుసార్లూ ఈరోజే ఆఖరు.)

చిన్నవి ముందు తీసేస్తా. అంత ఖరీదైన ఐ7 ప్రాసెసర్ దేనికండీ? రాయడానికి నోట్‌ప్యాడ్, చూడ్డానికి బ్రౌజర్, అంతే, ఇంట్లో మూలన పడున్న పాతది తీసి దుమ్ము దులుపుకోండి. డిగ్రీ అక్కర్లేదు, నిజమే, కావాలని ఎవరన్నారు?

ఇప్పుడు ఆ పచ్చడి సంగతి. నాకు ఒళ్ళు మండింది అక్కడే. అసలు పాత చింతకాయ పచ్చడి తిట్టెప్పుడైందో నాకు తెలీదు, జ్వరం తగ్గాక నోటికి హితవుగా ఉంటుందని పథ్యంలో పెట్టేది అదే కదా. హెచ్‌టీఎంఎల్ 1991 నాటిది, సీఎస్ఎస్ మొదటి స్టాండర్డ్ 1996లో వచ్చింది, ఒప్పుకుంటా, పాతవే. కానీ పేజీని అడ్డం నిలువు గళ్ళుగా అమర్చే సీఎస్ఎస్ గ్రిడ్ బ్రౌజర్లలోకి వచ్చింది 2017లో, అంటే ఆ పాతదానికి కొత్త చిగుళ్ళు వస్తూనే ఉన్నాయి, పైగా మీ ఏఐ చివరికి రాసిచ్చేది కూడా ఎక్కువగా ఆ రెండే, ఇంకేదో దేవభాష కాదు.

మా పిన్ని వాళ్ళమ్మాయి ఉంది, వాళ్ళమ్మ పెట్టే పచ్చళ్ళకి పేజీ చేద్దామని సరిగ్గా ఈ ఫార్వర్డ్ చెప్పినట్టే చేసింది. ఏఐకి చెప్పింది, పది నిమిషాల్లో పేజీ వచ్చేసింది, రంగులూ అవీ చూడ్డానికి నిజంగా బాగుంది. హెడ్డింగులు చదివితే మాత్రం "కొత ఆవకాయ", "అలం పచడి". ఒత్తులన్నీ కింద కత్తెరేసినట్టు తెగిపోయాయి. మళ్ళీ ఏఐకి చెప్పింది, ఫాంట్ మార్చింది. మళ్ళీ చెప్తే సైజు తగ్గించింది, అప్పుడు చిన్న అక్షరాల్లో అలం పచడి. ఇంకోసారి చెప్తే రంగు మార్చింది, ఎందుకో దానికే తెలియాలి. రెండ్రోజులు కుస్తీపట్టి ఏడుపుమొహంతో నాకు ఫోన్ చేసింది.

బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి పేజీ వెనక కోడ్ చూస్తే ఏముంది, హెడ్డింగుకి లైన్ హైట్ (వరుసకిచ్చే ఎత్తు) 1, పైగా ఓవర్‌ఫ్లో హిడెన్ (హద్దు దాటింది కనపడనీయదు). ఇంగ్లీషు అక్షరాలకి ఆ 1 సరిపోవచ్చు, వాటికి కిందకి దిగేవి జీ, వై లాంటి వాటి తోకలే. మనకి రెండు మాటలకో ఒత్తు, పైన గుడులూ తలకట్లూ, మన అక్షరానికి పైనా కిందా చోటు కావాలి. ఆ హిడెన్ తీసేసి 1ని 1.6 చేశాం, ఒత్తులన్నీ దిగొచ్చాయి. పిల్ల ఎగిరి గంతేసింది, ఆ సంతోషంలో పేజీ రిఫ్రెష్ చేసింది, ఎఫ్12లో మార్చింది రిఫ్రెష్ చేసేదాకానే ఉంటుంది కదా, మళ్ళీ అలం పచడి. "అన్నయ్యా, ఎక్కడ రాస్తే ఉండిపోతుంది ఇది?" అంది. అప్పుడు సీఎస్ఎస్ ఫైల్ తెరిచాం. నన్నడిగితే ఆ పిల్ల వెబ్ డిజైన్ నేర్చుకోవడం మొదలైంది ఆ ప్రశ్నతోనే, అంతకుముందు రెండ్రోజులూ చేసింది బతిమాలుకోవడం. ఏఐ వద్దని నేననట్లేదు, నేనూ రోజూ వాడతా, కానీ అది తప్పు చేసినప్పుడు ఎక్కడ చేసిందో చూసే కన్ను మనకుండాలి కదా, ఆ కన్నే అక్కర్లేదని చెప్తోంది ఈ మెసేజ్.

21 రోజులంటారా, రోజుకి రెండు గంటలు కూర్చుంటే మీ గురించి మీరు ఒక పేజీ రాసుకోగలరు, ఫోటో పక్కన పేరు పెట్టగలరు, మార్జిన్‌కీ (డబ్బా బయటి ఖాళీ) ప్యాడింగ్‌కీ (లోపలి ఖాళీ) తేడా తెలుస్తుంది. చాలా మంచి మొదలు. దాన్ని డిజైనర్ అనడం ఎల్ఎల్ఆర్ చేతికి రాగానే లారీ ఇచ్చి ఘాట్ రోడ్డు ఎక్కమన్నట్టు.

ఇక 50 వేల గ్యారంటీ. ఆ ఫార్వర్డ్‌లో ఉన్న నంబర్‌కి నేనే మెసేజ్ పెట్టా, "సార్, గ్యారంటీ అంటున్నారు కదా, ఫీజు మొదటి జీతంలో పట్టుకోండి, 14,999 కాదు, 20 వేలు ఇస్తా" అని. బ్లూ టిక్ పడింది. సార్ ఇంకా లెక్కలేసుకుంటున్నట్టున్నారు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, ఒప్పుకోవడం నాకేమీ ఇష్టంగా లేదు. ఫ్రీగా చూస్తే రాదన్నాడే, నా విషయంలో అది నిజం. ఎండీఎన్, ఫ్రీకోడ్‌క్యాంప్ అని నేర్చుకునే సైట్లున్నాయి, రెండూ పైసా అడగవు, నేర్చుకోవాల్సిందంతా వాటిలో ఉంది. అయినా నేను ఎనిమిది నెలలు వీడియోలు చూశా, వాళ్ళు టైప్ చేస్తే నాకర్థమైందనుకున్నా, ఖాళీ ఫైల్ తెరిస్తే చెయ్యి కదిలేది కాదు. చివరికి అమీర్‌పేట సందులో ఒక సాయంత్రం బ్యాచ్‌లో డబ్బులు కట్టి చేరా. ఆ సారు కొత్తగా చెప్పిందేం లేదు, వెనక నిలబడి "కాపీ కొట్టకు, నువ్వు రాయి" అనేవాడు, ట్యాగ్ (హెచ్‌టీఎంఎల్‌లో ఒక ముక్క మొదలూ చివరా చెప్పే గుర్తు) మూయకపోతే తప్పు చెప్పకుండా నేను వెతుక్కునేదాకా అక్కడే నిలబడేవాడు. నాకొచ్చింది ఆ నిలబడ్డంతోనే. కాబట్టి డబ్బు కట్టడమే తప్పని నేననలేను, మీరు రాసింది తెరిచి చూసే మనిషి అక్కడున్నాడా లేడా అనేది కట్టేముందు కనుక్కోండి. ఈ బ్యాచ్‌లో 21 రోజులూ రికార్డెడ్ వీడియోలేనట, మెసేజ్ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.

బాబాయ్, మీరు డబ్బు కట్టకండి. తమ్ముణ్ణి ఆదివారం పొద్దున్నే పాత ల్యాప్‌టాప్‌తో మా ఇంటికి పంపండి. పిన్ని పచ్చళ్ళ పేజీలో రేట్ల టేబుల్ ఫోన్‌లో చూస్తే ఇంకా పక్కకి పారిపోతోంది, వాడితోనే సరిచేయిస్తా.