సూర్యుడు కాస్త అడ్జస్ట్ చేసుకోవాలి

బెంగళూరులో థర్టీ ఫార్టీ సైటు, అంటే ముప్పై అడుగులకు నలభై అడుగుల స్థలం, కొని ఇల్లు కట్టుకున్న ప్రతి తెలుగు కుటుంబానికీ ఒక పూలమడి జన్మహక్కు. ఇంటికీ ప్రహరీకీ మధ్య మిగిలిన మూడడుగుల సందే ఆ మడి. బలి చక్రవర్తి దానమిచ్చినంత నేల అన్నమాట. కాకపోతే ఆయనిచ్చిన దాంట్లో ఎండ పడేది. మన సందులోకి, పక్క సైటాయన మూడంతస్తులు లేపిన దగ్గర్నుంచీ సూర్యుడు రావడం మానేశాడు. తప్పు పూర్తిగా సూర్యుడిదేనని నా నిశ్చితాభిప్రాయం. ఈ ఊళ్ళో ఇంటి ఓనరు మొదలు ఆటో డ్రైవరు దాకా 'స్వల్ప అడ్జస్ట్ మాడి' అంటే చాలు, అందరూ సర్దుకుపోతారు. ఆయనొక్కడికే ఏమిటా పట్టుదల?

అలాంటి సందులో ఏం నాటాలి? ఇంకేముంది, గులాబీ. రోజుకు ఆరు గంటలైనా ఎండ కావాలి సార్ అని నర్సరీ కుర్రాడు ఏదో చెప్పబోతాడు. చెప్పనివ్వకూడదు. జనవరి 26కో ఆగస్టు 15కో లాల్‌బాగ్ ఫ్లవర్ షోకి వెళ్ళి, 1889 నాటి గాజుమేడలో పూలరాశుల ముందు సెల్ఫీ దిగి వచ్చిన మనిషికి ఎండ లెక్కలు చెప్పడమంటే అవమానించడమే. ఆ కుండీలు ఎక్కడో ఎండలో పెరిగి, పూతకొచ్చాక అక్కడికి చేరాయన్నది మనకు అనవసరమైన వివరం.

దీని వెనక ఖగోళ కుట్ర కూడా ఒకటుంది. బెంగళూరు దాదాపు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందుకని ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తికి కాస్త ఉత్తరంగా నడుస్తాడు. ఇంటికి ఉత్తరాన ఉన్న సందులో సరిగ్గా మే నెలలో ఓ ఎండపట్టీ వచ్చి వాలుతుంది. "ఏవండీ, మన మడిలో ఎండొచ్చింది!" అని లోపల్నుంచి కేక. ఆ ఆదివారమే గులాబీలు దిగుతాయి. దక్షిణాయనం అనేది ఒకటుందని అప్పుడెవరికీ గుర్తుండదు, పంచాంగం గోడకే వేలాడుతున్నా. డిసెంబరులో 30 అడుగుల ఇల్లు పట్టపగలు పన్నెండింటికి ఉత్తరం వైపు 22 అడుగుల నీడ పరుస్తుంది. మనకున్నది మూడు. మిగతా పంతొమ్మిదీ అటుపక్కింటి మీద వేసి ఋణం తీర్చుకుంటాం.

అప్పటికి గులాబీని చూడాలి. ఒకే ఒక్క కొమ్మ సన్నగా సాగి, వెలుతురున్న గేటు వైపు మెడ చాస్తుంది. కింది ఆకుల మీద నల్లమచ్చలు, పైవాటి మీద బూడిద తెగులు. మొగ్గ బఠాణీ గింజంత అయ్యి రాలిపోతుంది. ఇన్నిటికీ మనకు తెలిసిన వైద్యం ఒకటే: ఇంకో చెంబు నీళ్ళు. నీడలో మట్టి ఆరదు, వేరు కుళ్ళుతుంది. కుళ్ళిన వేరు నీళ్ళు తాగలేదు గనక ఆకు వాడుతుంది. వాడింది గనక ఇంకో చెంబు.

నీడలో బతికే మొక్కలే లేవా అని అడిగే అల్పసంతోషులుంటారు. ఉన్నాయి, అదే వాటి నేరం. తమలపాకు తీగ సంగతే తీసుకోండి. మన గుంటూరు వైపు రైతు దానికోసం అవిసె చెట్లు పెంచి మరీ నీడ తయారుచేస్తాడు. ఇక్కడ పక్కింటాయన కోట్లు పోసి కట్టిన నీడ మనకు ఊరికే వచ్చింది. అయినా పెట్టకూడదు. పేరంటానికొచ్చినావిడ "ఏంటక్కా, కిళ్ళీకొట్టు పెడుతున్నారా?" అంటే పరువేం కావాలి? పసుపూ అల్లమూ చేమా పల్చటి నీడకు అభ్యంతరం చెప్పవు. కొబ్బరితోటల్లో చెట్ల కింద పెరిగే కంద కూడా ఏమీ అనదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారా, కత్తిపీట వాట్సాప్‌లో స్టేటస్ పెట్టుకోవాలి కదండీ.

ఫెర్న్ విషయంలో మాత్రం మనవాళ్ళ నిష్ఠకు దణ్ణం పెట్టాలి. కారే పైపు పక్కన గోడ పగులులో, ఎవరూ పిలవకుండానే అది మొలుస్తుంది. వెంటనే పీకిపారేస్తారు. పీకి, స్నానం చేసి, నర్సరీకి వెళ్ళి, డబ్బిచ్చి ఇంకో ఫెర్న్ తెచ్చి అదే గోడకు వేలాడదీస్తారు. మొదటిది కలుపు, రెండోది ల్యాండ్‌స్కేపింగ్.

మినహాయింపు ఒక్క మనీప్లాంటుకే. నీడలోనూ పాకుతుంది, పేరులోనే డబ్బుంది, పైగా ఉత్తరం కుబేర స్థానం. దొంగిలించి నాటితేనే కలిసొస్తుందని పెద్దలు సెలవిచ్చారు కాబట్టి, మా లేఅవుట్‌లో ఈవినింగ్ వాక్‌కి వెళ్ళొచ్చే గౌరవనీయులైన ఆంటీల పర్సుల్లో గోటితో గిల్లిన తీగముక్క ఒకటి ఉండి తీరుతుంది. పోలీసు కేసు ఇంతవరకూ లేదు.

ఇవేవీ కుదరనివాళ్ళు చివరికి ప్లాస్టిక్ గడ్డి పరుస్తారు. దానికి ఎండ అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, వానాకాలం నత్తలు ముట్టవు. మా వీధి చివర రిటైరైన బ్యాంకు మేనేజరు గారు రోజూ సాయంత్రం దాన్ని పైపు పెట్టి తడుపుతారు. 2024 మార్చిలో నీటి ఎద్దడప్పుడు తాగునీళ్ళు తోటలకు పోస్తే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది కదా అంకుల్, మళ్ళీ అలాంటిది వస్తే ఎలా అని అడిగాను.

"అది తోటలకు కదా బాబూ," అన్నారాయన, పైపు ఇంకో మూలకి తిప్పుతూ. "ఇది కార్పెట్టు."