ఎక్సెల్ షీటుకు చెమట పట్టదు

నేను ఖజానా శాఖలో పనిచేస్తాను. బిల్లులో రూపాయి తేడా వచ్చినా అబ్జెక్షన్ రాసి వెనక్కి పంపడం నా ఉద్యోగం. అలాంటివాణ్ణి నలభై ఎనిమిదో ఏట డాక్టరు మాట విని పరుగులోకి దిగితే ఏమవుతుంది? బూట్లు కొనకముందే ఎక్సెల్ షీటు తయారైంది.

హాఫ్ మారథాన్ అంటే 21.0975 కిలోమీటర్లు. నేను 21.1గా రౌండాఫ్ చేశాను. రెండున్నర మీటర్లు అదనంగా పరుగెత్తుదాం, ప్రభుత్వానికి నష్టం లేదు కదా అనుకున్నాను. కిలోమీటరుకు 6 నిమిషాల 10 సెకన్లు చొప్పున 2 గంటల 10 నిమిషాల్లో పూర్తి. ఏ కిలోమీటరు దగ్గర గడియారం ఎంత చూపించాలి, ఎక్కడ ఎన్ని గుక్కల నీళ్లు, 7వ కిలోమీటరు దగ్గర శక్తి కోసం తినే జెల్ ఒకటి, 14 దగ్గర ఇంకోటి. ఇదంతా చిన్న అక్షరాలతో ప్రింటు తీసి ముంజేతికి చుట్టుకునేలా కత్తిరించాను. లామినేషన్ చేయించమని మా అబ్బాయి అన్నాడు. ఇరవై రూపాయలు దండగ అన్నాను.

అసలు ఆ రేసు డిసెంబరులో జరగాలి. తుఫాను వచ్చి వాయిదా పడింది. నేను సాధన చేసింది విశాఖ చలికాలపు తెల్లవారుజాముల్లో. రేసేమో మార్చి ఆఖరి ఆదివారానికి జరిగింది. ఒళ్లు వేడికి అలవాటు పడాలంటే ఆ వేడిలోనే ఓ పది పధ్నాలుగు రోజులు కాస్త కాస్తగా పరుగెత్తాలట. ఆ పధ్నాలుగు రోజులూ మాకు ఆర్థిక సంవత్సరాంతం. నేను ఏసీ గదిలో బిల్లుల మధ్య కూర్చుని ఉన్నాను. షీటు మాత్రం డిసెంబరుది డిసెంబరులాగే ఉంది.

జెల్ గురించి చెప్పాలి. చిన్న ప్లాస్టిక్ పొట్లంలో జిగురుగా ఉంటుంది. ఒక్కోదానిలో సుమారు వంద కేలరీలు, పాతిక గ్రాముల పిండిపదార్థం. మా మేనల్లుడు హైదరాబాదు నుంచి మూడు తెచ్చిచ్చాడు. రేసు రోజున కొత్తదేదీ నోట్లో పెట్టకూడదన్నది పరుగెత్తేవాళ్ల మొదటి నియమం. ముందే సాధనలో తిని కడుపుకి అలవాటు చేయాలి. కానీ ఒక్కోటి రెండు ప్లేట్ల ఇడ్లీ ఖరీదు. సాధనకు వాడితే వేస్టు కదా అని ఫ్రిజ్ తలుపులో, కొత్తిమీర పక్కన భద్రం చేశాను. ఉగాదికి మా అత్తగారు వచ్చి అందులో ఒకటి గోరింటాకు కోన్ అనుకుని కొస కత్తిరించారు. అరచేతిలో చంద్రుణ్ణి దిద్దుకుని గంటసేపు చెయ్యి కదపకుండా కూర్చున్నారు. కడుక్కున్నాక, "రంగు పండలేదండీ అల్లుడుగారూ, కొట్టువాడు మోసం చేశాడు" అన్నారు. అలా మూడు రెండయ్యాయి.

ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర మొదలు. రుషికొండ వైపు వెళ్లి అదే రోడ్డున వెనక్కి రావాలి. టైము అయిదున్నర. ముఖ్య అతిథి వచ్చింది ఆరింటికి. వేకువనే లేవడం వల్ల కలిగే లాభాల గురించి మాట్లాడారు. ఆ తర్వాత జుంబా. ఆరూ ఇరవైకి జెండా ఊపేసరికి సూర్యుడు సముద్రంలోంచి లేచి, స్నానం ముగించి, డ్యూటీలో చేరిపోయాడు. ఫోను 27 డిగ్రీలు అని చూపించింది. ఫర్వాలేదనుకున్నాను. దాని కింద 'తేమ 88 శాతం' అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదవకపోతే ఏమవుతుందో ఆఫీసులో నేనే పదిమందికి చెబుతుంటాను.

మొదట్లోనే తప్పెటగుళ్ల బృందం నిలబడి ఉంది. ఆ దరువు వింటూ 6 నిమిషాల 10 సెకన్లకు కిలోమీటరు పరుగెత్తగలిగినవాడు ఉత్తరాంధ్రలో పుట్టి ఉండడు. నా కాళ్లు నా మాట వినలేదు. ఒడ్డున మ్యూజియంగా నిలబెట్టిన కురుసుర జలాంతర్గామిని ఎప్పుడు దాటానో తెలియదు. మొదటి కిలోమీటరు 5 నిమిషాల 12 సెకన్లు! 2 గంటల 10 నిమిషాలు అని రాసిన బెలూను కట్టుకుని, సరిగ్గా ఆ టైముకి చేరే వేగంతో పరుగెత్తే పేసర్ కుర్రాణ్ణి దాటుతుంటే అతను, "సార్, ఇవాళ ఉక్కగా ఉంది, కొంచెం మెల్లగా..." అన్నాడు. పాపం, కుర్రాడికి ఊపిరి అందడం లేదేమోనని జాలిపడ్డాను.

నా లెక్క నాకుంది. ముందే టైము డిపాజిట్ చేసి పెట్టుకుంటే చివర్లో డ్రా చేసుకోవచ్చు. అయిదో కిలోమీటరు 27 నిమిషాల 30 సెకన్లకే దాటాను. షీటు ప్రకారం 30 నిమిషాల 50 సెకన్లు. అంటే ఖాతాలో 3 నిమిషాల 20 సెకన్లు జమ. లాసన్స్ బే దగ్గర మా సెక్షన్ సూపరింటెండెంటుగారు వాకింగ్ చేస్తూ కనిపిస్తే చెయ్యి కూడా ఊపాను. ఆ రోజు నేను మనిషిలా కనిపించిన చివరి ఫొటో ఆయన ఫోనులోనే ఉంది.

తెన్నేటి పార్కు ఎక్కుడు మొదలైంది. స్కూటరు మీద వెళ్లేటప్పుడు అక్కడ ఎక్కుడున్నట్టే తెలియదు. ఆ రోజు పక్కనున్న కైలాసగిరి కొండ మొత్తం కిందికి దిగివచ్చి రోడ్డు మీద పడుకున్నట్టు అనిపించింది. ఒంటినిండా చెమట. చెమట పడితే ఒళ్లు చల్లబడాలి కదా? అది ఆరితేనే చల్లబడుతుంది. గాలిలో అప్పటికే తడి నిండి ఉంటే ఆరదు, ఊరికే కారుతుంది. నా మోచేతుల నుంచి ధారగా కారుతోంది, లోపల పొయ్యి మండుతూనే ఉంది.

తర్వాత చదివి తెలుసుకున్నదేమిటంటే, ఇది పూర్తిగా బడ్జెట్ వ్యవహారం. ఉన్నది ఒక్క గుండె. కాళ్లు రక్తం కావాలంటాయి, పరుగెత్తాలి కాబట్టి. చర్మం కావాలంటుంది, లోపలి వేడిని బయటికి పంపాలి కాబట్టి. చెమట రూపంలో నీళ్లు పోయేకొద్దీ ఉన్న నిధులూ తగ్గుతాయి. గుండె అదే పనికి ఇంకా గట్టిగా కొట్టుకోవాలి. ఇలాంటప్పుడు కోత పడేది కడుపుకి. సరిగ్గా అలా నిధులు ఆగిపోయిన శాఖకు నేను 7వ కిలోమీటరు దగ్గర ఒక కొత్త ఫైలు పంపాను.

అంటే జెల్ తిన్నాను. తినడం కాదు, ముందు చింపాలి. అది అచ్చం షాంపూ సాచెట్. 'ఇక్కడ చింపండి' అన్న చోట చినగదు. తడి వేళ్లతో కాసేపు, పళ్లతో కాసేపు కుస్తీ పడ్డాక పక్కనుంచి చినిగింది. సగం నోట్లోకి, సగం గడియారం మీదికి. అది టచ్ స్క్రీన్. ఆ క్షణం నుంచి అది నా వేలిని గుర్తుపట్టడం మానేసి, తనంతట తానే ఎవరికో ఫోను చెయ్యబోయింది. జెల్‌ను మంచినీళ్లతో తీసుకోవాలి. నీళ్ల టేబులు ఇంకా కిలోమీటరు దూరంలో ఉంది. అక్కడికి చేరాక ఆత్రంలో నారింజరంగు ఎనర్జీ డ్రింకు రెండు గ్లాసులు లాగించాను. తీపి మీద తీపి. కడుపు ఆ పాకాన్ని పలుచన చేసుకోవడానికి ఒంట్లో ఉన్న నీళ్లనే పిలిపించుకుంటుందట. పిలిపించుకుంది. లోపల సభ మొదలైంది, మైకు పరీక్షతో సహా.

రుషికొండ దగ్గర వెనక్కి తిరిగాను. ఖాతాలో నిల్వ సున్నా. 12వ కిలోమీటరు దగ్గర వెనకనుంచి అడుగుల చప్పుడు. 2:10 బెలూను. ఆ పేసర్ కుర్రాడు, "సార్, బాగానే ఉన్నారా?" అన్నాడు. ఊపిరి అందనిది ఎవరికో అప్పుడు తేలింది. కాసేపటికి 2:20 బెలూను దాటింది, ఆ తర్వాత 2:30. ఒక్కో బెలూనూ అలా వెళ్లిపోతుంటే పుట్టినరోజు పార్టీకి పిలవని బంధువులా రోడ్డు పక్కన నడుస్తున్నాను. అవును, నడుస్తున్నాను.

సాగర్‌నగర్ దగ్గర ఇంకో టేబులు. కాలేజీ పిల్లలు గ్లాసులు పట్టుకుని "కమాన్ అంకుల్" అని అరుస్తున్నారు. తలమీద నీళ్లు పోసుకుంటే చల్లగా ఉంటుందని ఎక్కడో చదివాను. ఒక చేత్తో ఒకటి, రెండో చేత్తో ఒకటి అందుకుని, ఒకటి గటగటా తాగి, రెండోది నడినెత్తిన కుమ్మరించుకున్నాను. చల్లగానే ఉంది. ఆ తర్వాత కళ్లు మండాయి. కనురెప్పలు ఒకదానికొకటి అతుక్కున్నాయి. పెదాల మీదికి జారింది నాకితే నారింజ. తాగింది నీళ్లు, పోసుకున్నది ఎనర్జీ డ్రింకు. ఓ అమ్మాయి పరుగున వచ్చి బాటిల్‌తో నీళ్లు పోసి కడిగింది. ఆ నీళ్లకి ముంజేతి కాగితం తడిసి, ఇంకు కరిగి, ఇరవయ్యొక్క వరసలూ నీలిరంగు ధారగా మోచేతి మీదుగా కారిపోయాయి. ఇరవై రూపాయల లామినేషన్ గుర్తొచ్చింది. అక్కడినుంచి నాకు ఈగలు తోడు వచ్చాయి. అవి మాత్రం ఎక్కడా వెనకపడలేదు.

14 దాటింది. షీటు లేకపోయినా అందులో ఉన్నది కంఠతా వచ్చు కాబట్టి రెండో జెల్ తీశాను. ఈసారి తెలివిగా రెండు చేతులతో చింపాను. పూర్తిగా చినిగింది. మొత్తం జారి కుడి బూటులో, మేజోటికీ మడమకీ మధ్య పడింది. మడమకు నేరుగా వంద కేలరీలు.

రోడ్డుకి అవతలి వైపు నుంచి షేర్ ఆటో ఒకటి మెల్లగా నా పక్కకే వచ్చింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఆర్కే బీచేనా సార్? ఎక్కండి, వెనక ఒక సీటుంది" అన్నాడు. నా నంబరు బిళ్ల చూసి కూడా అడిగాడంటే నా వాలకం ఎలా ఉందో ఊహించుకోండి. నాకు 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జరిగిన ఒలింపిక్స్ మారథాన్ గుర్తొచ్చింది. అప్పుడూ ఇలాగే మండే ఎండ, దారంతా దుమ్ము, తాగడానికి నీళ్లు దాదాపు లేవు. 32 మంది మొదలుపెడితే 14 మంది చేరారు. ముందుగా స్టేడియంలోకి వచ్చిన ఫ్రెడ్ లోర్జ్ దారి మధ్యలో కారెక్కాడని తేలి పరువు పోయింది. చివరికి గెలిచిన థామస్ హిక్స్‌కి దారిలో గుడ్డు తెల్లసొనలో స్ట్రిక్నిన్ అనే విషం కలిపి, దానిమీద బ్రాందీ పట్టించారు. క్యూబా నుంచి వచ్చిన ఫెలిక్స్ కార్వహాల్ తోటలో యాపిల్స్ తిని, కడుపునొప్పి వచ్చి, కాసేపు కునుకు తీసి లేచి నాలుగోవాడుగా వచ్చాడని చెబుతారు. ఈ ముగ్గురిలో నాకు నచ్చింది కునుకు. కానీ విశాఖ బీచ్ రోడ్డులో కునుకు తీస్తే 108కి ఫోను కొడతారు. ఆటో వద్దన్నాను. నిజాయితీ వల్ల కాదు, జేబులో డబ్బుల్లేక.

జోడుగుళ్లపాలెం దగ్గర వలల పక్కన ఓ పెద్దావిడ కూర్చుని ఉంది. నన్ను ఎగాదిగా చూసి, "ఏటి బావూ, పొద్దుట్నించీ సూత్తన్నాను, అందరూ అటెల్తన్నారు, మల్లీ ఇటొచ్చేత్తన్నారు. అక్కడేటైనా మర్సిపోనారేటి?" అంది.

దీనికి జవాబు నా దగ్గర లేదు. ఇప్పటికీ లేదు.

"కూకో బావూ, మొకం అలా ఉందేటి?" అని సత్తుగిన్నెలోంచి గ్లాసులోకి గంజి వంచి ఉప్పేసి ఇచ్చింది. తాగాను. ఆహా! ఇంకోటి ఇచ్చింది. అదీ తాగాను. ఉత్త నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి ప్రమాదమట. గంజిలో నీళ్లున్నాయి, ఉప్పుంది, పిండిపదార్థముంది. బియ్యప్పిండితో చేసే ఓఆర్ఎస్ కూడా ఉందని తెలుసు. మన పూర్వీకులకు అన్నీ తెలుసు అని ఇక్కడ ఒక వాక్యం రాసేద్దామనుకున్నాను. కానీ పూర్వీకులెవరూ రెండు జెల్లు చింపి, ఎనర్జీ డ్రింకు తాగి, దానిమీద అర లీటరు గంజి పోసుకుని అయిదు కిలోమీటర్లు పరుగెత్తి చూడలేదు. నేను చూశాను. ప్రతి అడుగుకీ కడుపులో బిందె తొణికినట్టు చప్పుడు. ముందు వెళ్తున్న ఒకాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు, సముద్రం దగ్గరికి వచ్చేసిందేమోనని.

ఫినిష్ దగ్గరికి వచ్చేసరికి 3 గంటల 4 నిమిషాలు. మూడున్నర గంటల దాకా టైముంది కానీ, గాలి నింపిన ఆర్చికి గాలి తీయడం మొదలుపెట్టేశారు. అది నా తల ఎత్తుకి వంగింది. 21.1 కిలోమీటర్లు వచ్చినవాణ్ణి చివరి అడుగు వంగి, దాదాపు పాకుతూ వేశాను. ఎవరో మెడలో పతకం వేస్తే అది నెత్తి మీది నారింజ పాకానికి అంటుకుని కిందికి దిగలేదు.

మా ఆవిడ జలాంతర్గామి దగ్గర ఇడ్లీ పొట్లంతో నిలబడి ఉంది. "ఎనిమిదిన్నరకల్లా వస్తానన్నారు కదండీ? చట్నీ పులిసిపోయింది" అంది. ఆ తర్వాత నన్ను పరీక్షగా చూసి, "రంగులెవరు చల్లారు? హోళీ అయిపోయింది కదా?" అంది.

ఇంటికొచ్చి బూట్లు వరండాలో విడిచి, చాప మీద పడి సాయంత్రం దాకా లేవలేదు. లేచి టీ గ్లాసుతో బయటికొస్తే కుడి బూటు దగ్గర సందడి. గేటు కింది నుంచి మెట్ల మీదుగా మడమ దాకా ఎర్రచీమలు, ఒకే వరస. బూటులో జెల్ తీసుకుని అదే దారిన వెనక్కి. మెట్టు ఎక్కేటప్పుడూ ఒకటే నడక, దిగేటప్పుడూ ఒకటే నడక. మొదట్లో ఉరికినదీ లేదు, చివర్లో కూలబడినదీ లేదు. మధ్యలో ఆగి ఒకదాన్నొకటి పలకరించుకుని కూడా వరస తప్పడం లేదు. కిందికి వంగి కూర్చున్నాను.

"బూటు దులపకుండా ఏం చూస్తున్నారండీ అక్కడ?" అని లోపల్నుంచి కేకేసింది మా ఆవిడ.

"ఉండు, వీటి టైము నోట్ చేసుకుంటున్నాను" అన్నాను.