కుడి దవడ పన్ను గారికి బహిరంగ లేఖ

శ్రీకాకుళం

మహారాజశ్రీ కుడివైపు కింది దవడ పన్ను గారి సముఖమునకు,

మీ యజమాని నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, తమరు తప్ప.

నా ఆరో ఏట, పాలపళ్ల వెనక చడీచప్పుడు లేకుండా వచ్చి కూర్చున్నారు. నలభై ఏళ్లు చెరకు గడలు చీల్చారు, మటన్ ఎముకలు నమిలారు. మొన్న ఆదివారం ఒక్క జంతిక ముక్కకి విరిగిపోయారు. ఇదేటండీ?

విరిగినందుకు కాదు, విరిగిన పద్ధతికే నా బాధ. రోజుకు రెండుసార్లు మిమ్మల్ని ఏడురోడ్ల జంక్షన్ మీదుగా బండి మీద తిప్పాను కదా. అక్కడ ఏ ఆటోనో గుద్ది, నన్ను ఆసుపత్రిలో పడుకోబెట్టేలా విరిగుంటే మీ లెక్కే వేరు. నా ఆరోగ్య బీమా పాలసీ కాగితంలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: ప్రమాదంలో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితే తప్ప దంత వైద్యానికి పైసా ఇవ్వరు. జంతిక ప్రమాదం కిందికి రాదా అని బీమా కంపెనీకి ఫోన్ చేసి అడిగాను. "ఇంకేదైనా సహాయం కావాలా సార్?" అంది ఆ అమ్మాయి.

గుండె, కిడ్నీ నా ఒంట్లోవి. మీరు మాత్రం నోట్లో అద్దెకున్నారన్నమాట.

2025 సెప్టెంబర్ 22 నుంచి సొంతంగా తీసుకునే ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. పాలసీ మీద పన్ను లేదని సంబరపడ్డాను. పాలసీ లోపల కూడా పన్ను లేదని మీరు విరిగాకే తెలిసింది. మందుల స్ట్రిప్పు మీద మాత్రం 'అన్ని పన్నులూ కలిపి' అని ధర వేస్తారు. అక్కడ మీరు ముప్పై రెండు మందీ హాజరు.

2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తొలి మూడు జిల్లాల్లో మనదొకటి. ఆసుపత్రిలో చేరాల్సిన పెద్ద జబ్బుల కోసం వచ్చింది, దాన్నేమీ అనను. కిడ్నీ జబ్బులతో అల్లాడే ఉద్దానం ఉన్న జిల్లాలో పంటి కోసం ఏడవడం సిగ్గే. రాత్రి రెండింటికి మీరు పోటెత్తినప్పుడు మాత్రం ఆ సిగ్గు గుర్తుండదు.

డాక్టర్ గారు అద్దం పెట్టి చూసి, "పీకేస్తే 500. ఉంచుకుంటే రూట్ కెనాల్ 4,000, క్యాప్ వేరే" అన్నారు. మీ లోపల మూడు కాలువలున్నాయట. వంశధార శివారులో మా ఎకరానికి ఒక్క కాలువ సరిగా పారదు, తమరికి మూడా! అయినా ఉంచుకుందామనే అన్నాను. సిట్టింగుకింత చొప్పున కట్టమన్నారు, అదే మహాభాగ్యం.

ఇక మందుల షాపు. "ఐదు రోజులవీ ఇవ్వనా, కట్ చేసీమంటారేటి?" అన్నాడు కుర్రాడు. జేబు తడుముకుని మూడు రోజులకే కట్ చేయమన్నాను. కత్తెరతో టక్కున కోశాడు. ధర, గడువు తేదీ ఉన్న ముక్క వాడి డబ్బాలోకి, పేరు సగం ఉన్న ముక్క నా చేతిలోకి. మూడో రోజుకి వాపు మళ్లీ వచ్చింది. డాక్టర్ గారు చీవాట్లు పెట్టి కోర్సు మొదట్నుంచి రాశారు. ఐదు రోజులకు అయ్యే ఖర్చు ఎనిమిది రోజులకు అయింది.

నాన్న బీపీ, షుగరు మాత్రల్నీ పాలసీ ముట్టుకోదు, ఓపీ ఖర్చట. అందుకే బ్రాండు పేరు కాకుండా టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్ అని మందు అసలు పేరే రాయించుకుని జన ఔషధి కేంద్రంలో తెస్తున్నాను. నెల బిల్లు సగానికి పైగా తగ్గింది. ఆ మిగులుతోనే తమరి రెండో సిట్టింగు అయింది. నాన్నకి చెప్పలేదు, చెబితే పీకించేయమంటాడు.

మంగళవారం సాయంత్రం మూడోది. పింగాణీ క్యాప్ అయితే 4,000, స్టీలుదైతే 1,500. మీరు లోపలెక్కడో ఉన్నారు, ఎవరు చూస్తారు? స్టీలుదే ఖాయం చేశాను. పెళ్లిళ్లలో ఫొటో తీసేటప్పుడు నోరు కొంచెం తక్కువ తెరుస్తాను.

ఇట్లు,
ఎడమ వైపున నములుతున్న
మీ యజమాని