ఆస్కార్ వేదిక మీద ఆసియా మనిషికి ముఖం ఎందుకుండదు?

2016 ఫిబ్రవరి 28 రాత్రి డాల్బీ థియేటర్‌లో జరిగిన ఆస్కార్ వేడుకను అందరూ నల్లజాతి కోపం బద్దలైన రాత్రిగానే గుర్తుపెట్టుకున్నారు. నటనా విభాగాల్లో ఇరవైకి ఇరవై నామినేషన్లూ వరుసగా రెండో ఏడాది తెల్లవాళ్లకే వెళ్లాయి. ఏప్రిల్ రెయిన్ అనే నల్లజాతి ఉద్యమకర్త ముందటేడు మొదలుపెట్టిన ‘ఆస్కార్స్ సో వైట్’ నినాదం ప్రపంచమంతా మారుమోగింది. దర్శకుడు స్పైక్ లీ, నటి జాడా పింకెట్ స్మిత్ వేడుకకు రామని ప్రకటించారు. ఆ వేడిలో హోస్ట్‌గా వచ్చిన నల్లజాతి కమెడియన్ క్రిస్ రాక్ హాలీవుడ్ పెద్దల జాతివివక్షను వాళ్ల ఎదుటే ఎండగట్టాడు. నిజంగా ధైర్యం కావాల్సిన పని అది, ఆ మెచ్చుకోలు అతనికి దక్కాల్సిందే.

నాకు మాత్రం ఆ రాత్రి అనగానే మరో ఘట్టం గుర్తొస్తుంది. ఓట్లు లెక్కపెట్టిన ప్రైస్‌వాటర్‌హౌస్‌కూపర్స్ అకౌంటెంట్లు వీళ్లేనంటూ సూట్లు తొడిగి, చేతికి బ్రీఫ్‌కేసులిచ్చిన ముగ్గురు ఆసియా పిల్లల్ని రాక్ వేదిక మీదికి పిలిచాడు. ఆసియా వాళ్లంటే లెక్కల పురుగులన్నది అందులోని జోకు. ఈ జోకు నచ్చనివాళ్లు ఫోన్ తీసి ట్వీట్ చేసుకోవచ్చు, ఆ ఫోన్ తయారు చేసింది కూడా ఈ పిల్లలే అన్నది దాని కొసమెరుపు. బాలకార్మికుల బతుకు మీద హాలు హాలంతా నవ్వింది. కాసేపటికి అలీ జీ అనే తన హాస్య పాత్ర వేషంలో వచ్చిన కమెడియన్ సాషా బేరన్ కోహెన్, మినియన్లనే పసుపుపచ్చ కార్టూన్ బొమ్మల పేరు అడ్డం పెట్టుకుని ‘పసుపుపచ్చ పొట్టివాళ్ల’ శరీరాల మీద బూతు జోకు వేశాడు. దానికీ నవ్వులే.

నల్లజాతి హక్కుల కోసం గొంతెత్తిన వేదికే అదే పూట ఇంకో జాతి పిల్లల్ని ఆటబొమ్మలు చేయడాన్ని పొరపాటుగా కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. హాలీవుడ్ వైవిధ్యం అంటే ఏం అర్థం చేసుకుందో ఆ రెండు నిమిషాలు తేల్చి చెప్పాయి. ఆ లెక్కలో ఉన్నవి రెండే రంగులు, మిగిలినవాళ్లంతా ప్రేక్షకులు. ఏప్రిల్ రెయిన్ మాత్రం ఇది నల్లవాళ్ల ఒక్కళ్ల గొడవ కాదనీ, తెరకు దూరమైన అన్ని సముదాయాల సమస్య అనీ చెబుతూనే ఉన్నారు. ఆ మాట వేడుక స్క్రిప్టు రాసినవాళ్ల చెవిన పడలేదు.

జోకును జోకుగా చూడాలనీ, హాస్యగాడి నోటికి తాళం వేయకూడదనీ అనేవాళ్లున్నారు. క్రిస్ రాక్ ఆ రాత్రి ఎవర్ని వదిలాడని వాళ్ల వాదన. అయితే తెల్ల నిర్మాతల మీద రాక్ విసుర్లు విసిరినప్పుడు ఆ నిర్మాతలు ముందు వరసల్లోనే కూర్చుని ఉన్నారు. వాళ్లకు పేరుంది, అధికారం ఉంది, మర్నాడు పత్రికల్లో జవాబు చెప్పుకునే వీలుంది. ఆ ముగ్గురు పిల్లలకు ఒక్క డైలాగు కూడా ఇవ్వలేదు. తిరిగి మాట్లాడగల మనిషిని వెక్కిరించడం, మాట్లాడే అవకాశమే లేనివాళ్లను చూపించి నవ్వించడం రెండూ ఒక్కటేనని నేనెన్నటికీ ఒప్పుకోను.

అసలు విషయం అంతకన్నా లోతైనది. ఆ జోకు ఏ కంటితో పుట్టిందో, ఆస్కార్ నామినేషన్లు కూడా ఏళ్ల తరబడి అదే కంటితో వచ్చాయి. ఆసియా వాళ్లు ఆ కంటికి గుంపుగా కనబడతారే తప్ప మనుషులుగా కనబడరు. ‘ద లాస్ట్ ఎంపరర్’ 1988లో తొమ్మిది నామినేషన్లకు తొమ్మిది ఆస్కార్లూ ఎగరేసుకుపోయింది. ఆ తొమ్మిదిలో నటనకు ఒక్కటీ లేదు. ‘క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్’కు పది నామినేషన్లు వస్తే అందులోనూ నటన లేదు. ‘స్లమ్‌డాగ్ మిలియనేర్’ 2009లో ఎనిమిది ఆస్కార్లు గెలిచింది. తెర నిండా మన దేశపు ముఖాలే ఉన్నా ఒక్క నటుడికీ నామినేషన్ రాలేదు. ‘లైఫ్ ఆఫ్ పై’కి పదకొండు నామినేషన్లు. సముద్రం మధ్యలో సినిమాలో సగానికి పైగా ఒంటిచేత్తో మోసిన కుర్రాడు ఆ పదకొండులో లేడు. 2020లో ‘పారసైట్’ ఉత్తమ చిత్రంతో సహా నాలుగు గెలిచి చరిత్ర సృష్టించింది. అందరూ పొగిడిన ఆ కథను నడిపించిన నటుల్లో ఒక్కరి పేరూ జాబితాలో కనబడలేదు.

ఇన్నేళ్లలో ఇన్నిసార్లు జరిగినదాన్ని యాదృచ్ఛికం అనగలమా? కెమెరా పనితనం బాగుంటుంది, సంగీతం బాగుంటుంది, దర్శకుడు గొప్పవాడవుతాడు, నటించిన మనిషి మాత్రం వెనకున్న దృశ్యంలో కలిసిపోతాడు. ముఖాల్ని విడివిడిగా చూడలేని కళ్లకు ముగ్గురు పిల్లల్ని నిలబెట్టి ‘వీళ్లంతా ఇంతే’ అనడం ఎంత తేలికో వేరే చెప్పాలా?

దీనికి పాత చరిత్ర ఉంది. చైనా రైతుల కథతో 1937లో వచ్చిన ‘ద గుడ్ ఎర్త్’లో ప్రధాన పాత్రలు రెండూ తెల్లవాళ్లే వేశారు. లాస్ ఏంజెలెస్‌లోనే పుట్టి, అప్పటికే తారగా వెలుగుతున్న చైనా మూలాల నటి అన్నా మే వాంగ్‌కు ఆ రైతు భార్య వేషం దక్కలేదు. దాన్ని లూయిస్ రైనర్ వేసి 1938లో ఉత్తమ నటి ఆస్కార్ అందుకున్నారు. చైనా స్త్రీగా మేకప్ వేసుకున్న తెల్ల నటికి వచ్చిన ఆ బహుమతి, ఆసియా మూలాలున్న మిషెల్ యో చేతికి రావడానికి మరో 85 ఏళ్లు పట్టింది. నల్లజాతి వాళ్ల అనుభవమూ తక్కువ చేదు కాదు. 1940లో నల్లజాతి నుంచి తొలి ఆస్కార్ గెలిచిన నటి హాటీ మెక్‌డేనియల్‌ను ఆ వేడుకలో తన సినిమా బృందానికి దూరంగా, గోడ పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఇంత అవమానం పంచుకున్న రెండు సముదాయాల్లో ఒకదాన్ని ఇంకోదాని మీద జోకుకు వాడుకోవడమే ఆ రాత్రి నన్ను ఎక్కువ బాధపెట్టింది.

దర్శకుడు ఆంగ్ లీ, నటులు జార్జ్ టకై, సాండ్రా ఓ సహా ఆస్కార్లు ఇచ్చే అకాడమీలో ఆసియా మూలాలున్న 25 మంది సభ్యులు ఆ జోకుల మీద నిరసన లేఖ రాశారు. నొప్పించినందుకు విచారిస్తున్నామంటూ అకాడమీ నుంచి ముక్తసరి జవాబు వచ్చింది. ఆ జవాబు చాలదని టకై మొహమాటం లేకుండా చెప్పారు. అప్పటికే మహిళా సభ్యుల్నీ, మైనారిటీ సభ్యుల్నీ 2020కల్లా రెట్టింపు చేస్తామని అకాడమీ మాట ఇచ్చి ఉంది, నిలబెట్టుకుంది కూడా. 2012లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ లెక్కతీసినప్పుడు సభ్యుల్లో 94 శాతం తెల్లవాళ్లేనన్న సంగతి తలుచుకుంటే అది చిన్న మార్పు కాదు. ఓటర్లు మారాకే ఆసియా మూలాలున్న యున్ యో-జంగ్, మిషెల్ యో, కీ హుయ్ క్వాన్ నటనకు ఆస్కార్లు గెలిచారు. అయితే ఓటు వేసే చేతులు మారినంత వేగంగా స్క్రిప్టు రాసే చేతులు మారలేదు. అందుకు మన తెలుగువాళ్లే సాక్షులు.

2023 మార్చి 12న ‘నాటు నాటు’ ఆస్కార్ గెలిచిన క్షణాన తెలుగు నేల మీద పొంగిన ఆనందాన్ని నేనేమీ తగ్గించను. కాలభైరవ, రాహుల్ సిప్లిగంజ్ ఆ వేదిక మీద తెలుగులో పాడుతుంటే నా ఒళ్లు పులకరించింది. కానీ ఇది బాలీవుడ్ సినిమా కాదు, దక్షిణాది నుంచి వచ్చిన తెలుగు సినిమా అని రాజమౌళి రెండు నెలల ముందే అమెరికాలో ప్రేక్షకులకు చెప్పినా, హోస్ట్ జిమ్మీ కిమ్మెల్ నోట దానికి బాలీవుడ్ ముద్రే పడింది. ఆ పాటకు వేదిక మీద ముందు నిలబడి ఆడిన నర్తకుల్లో దక్షిణాసియా మూలాలున్నవాళ్లు లేరని అమెరికాలోని మనవాళ్లే నొచ్చుకున్నారు. పాట కావాలి, ఊపు కావాలి, ఆ పాట పుట్టిన మనుషుల పోలిక మాత్రం అక్కర్లేదు. ‘స్లమ్‌డాగ్’కు జరిగిందే ఇక్కడా జరిగింది.

దీని దెబ్బ పిల్లల మీద పడుతుంది. తెలుగు మూలాలున్న కమెడియన్ హరి కొండబోలు 2017లో ‘సింప్సన్స్’ కార్టూన్‌లోని అపూ పాత్ర మీద డాక్యుమెంటరీ తీసి చెప్పింది అదే. ఒక తెల్ల నటుడు పెట్టిన వెటకారపు యాస అమెరికాలో పెరిగిన భారతీయ పిల్లల మెడకు చుట్టుకుంది. చివరికి 2020లో ఆ నటుడు హ్యాంక్ అజారియా ఆ పాత్రకు గొంతు ఇవ్వడం మానుకున్నాడు.

మరి మన ఇంట్లో ఏం జరిగింది? తెలంగాణ యాసను తెలుగు సినిమా దశాబ్దాల పాటు రౌడీకీ, పనివాడికీ, కామెడీ ట్రాకుకీ అంటగట్టింది. ఉద్యమ కాలంలో ఆ అవమానం మీద ఎంత మంది గొంతు చించుకున్నా, అది నవ్వుకోవడానికే కదా అన్నారు. క్రిస్ రాక్‌ను సమర్థించినవాళ్లు వాడిన మాటే అది. వడ్డీకిచ్చే మార్వాడీ సేఠ్, గేటు దగ్గర గూర్ఖా, కేరళ నర్సు కూడా మన తెర మీద గుంపులే, మనుషులు కారు. ‘నాటు నాటు’ గెలవడానికి తొమ్మిది రోజుల ముందు విడుదలైన ‘బలగం’ ఆ యాసకు కన్నీళ్లూ పౌరుషమూ పగా ప్రేమా అన్నీ ఇచ్చింది. తీసింది ఏళ్ల తరబడి కామెడీ వేషాలు వేసిన సిరిసిల్ల మనిషి వేణు ఎల్దండి. కలం అతని చేతికి వచ్చింది కాబట్టే ఆ యాస మాట్లాడే ప్రతి మనిషికీ విడిగా ఒక ముఖం వచ్చింది.

అందుకే అకాడమీని అడగాల్సింది వచ్చే ఏడు ఎంతమంది ఆసియా నటులకు నామినేషన్ ఇస్తారన్న ఒక్క ప్రశ్నే కాదు. వేడుక జోకులు రాసే గదిలో ఎవరెవరు కూర్చుంటారో పేర్లతో సహా చెప్పమనాలి. హైదరాబాద్‌లో అవార్డు ఫంక్షన్లు జరిపేవాళ్లను కూడా ఇదే అడగాలి.