విడిపోయే ఊరినే అడిగితే సరిపోతుందా?

అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో మెంఫిస్ శివారు ఊరు కాలియర్‌విల్. మన తెలుగువాళ్ళు బాగానే ఉన్న చోటు. అక్కడ ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థని స్కూల్ డిస్ట్రిక్ట్ అంటారు. 2014లో ఈ ఊరూ, మరో ఐదు శివారు ఊళ్ళూ షెల్బీ కౌంటీ స్కూల్ డిస్ట్రిక్ట్ నుంచి విడిపోయి సొంత డిస్ట్రిక్టులు పెట్టుకున్నాయి. మరిది ఇక్కడే ఇల్లు కొన్నాడు. వదిన మెంఫిస్‌లో టీచర్. ఆదివారం భోజనాలయ్యాక ఆ సంగతి మీదికి మాట మళ్ళింది.

మరిది: వదినా, ఈ ఇల్లు కొనేటప్పుడు ముందు స్కూల్ మ్యాప్ చూశాం, వంటగది తర్వాత చూశాం. అందులో దాచేదేముంది? మా పిల్లల బడి మా ఊరి బోర్డు చేతిలో ఉండాలనుకోవడం తప్పా?

వదిన: నీ కోరికని తప్పనడం లేదు. చట్టం ఎవరిని అడిగిందో చెప్పు. ఓటింగ్ శివారు ఊళ్ళలోనే పెట్టారు. వేలమంది పిల్లలు వెళ్ళిపోతే వాళ్ళతో పాటు ప్రభుత్వ నిధులూ వెళ్తాయి. పాత బడుల పైకప్పు ఖర్చు, రిటైరైన టీచర్ల బాకీలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. ఆ భారం మోసేవాళ్ళకి ఓటే లేదు.

మరిది: ఆ మాటకొస్తే మొదలుపెట్టింది ఎవరు? 2010 డిసెంబర్‌లో మెంఫిస్ సిటీ స్కూల్ బోర్డు 5–4 ఓట్లతో తన చార్టర్‌ని, అంటే విడిగా బడులు నడిపే అధికారాన్ని, వదులుకుంది. 2011 మార్చిలో మెంఫిస్‌వాళ్ళు ఓటేసి ఖాయం చేశారు. 2013లో మెంఫిస్, షెల్బీ కౌంటీ డిస్ట్రిక్టులు రెండూ ఒకటయ్యాయి. ఆ ఓటింగ్‌లో శివారు ఊళ్ళవాళ్ళని అడిగారా?

వదిన: లేదు. అదీ తప్పే, ఒప్పుకుంటాను. కానీ మీకు జరిగిన అన్యాయాన్నే మీరు తిప్పి మా వాళ్ళకి చేశారు.

*(ఈ మాటకి మరిది కాసేపు ఏమీ అనలేదు. నిజానికి ఈ గొడవంతటికీ మూలం ఇక్కడే ఉంది.)*

మరిది: దొడ్డిదారిన మాత్రం పోలేదు కదా. 1998 నుంచి రాష్ట్రంలో కొత్త డిస్ట్రిక్టుల మీద నిషేధం ఉండేది. మా కోసం సడలిస్తే, ఒక్క కౌంటీకే వర్తించే చట్టం చెల్లదని 2012 నవంబర్‌లో ఫెడరల్ జడ్జి మా ఓటింగ్ కొట్టేశారు. 2013లో శాసనసభ రాష్ట్రమంతటికీ నిషేధం ఎత్తేసింది. మళ్ళీ ఓటేశాం, మళ్ళీ గెలిచాం. అర సెంటు సేల్స్ ట్యాక్స్ అదనంగా కడతామని ఒప్పుకున్నాం. పాత డిస్ట్రిక్టుకి 12 ఏళ్ళ పాటు వాయిదాల మీద డబ్బు కట్టడానికీ ఒప్పుకున్నాం.

వదిన: ఆ వాయిదాలు రాజీలో వచ్చాయి. విడిపోతే మిగిలినవాళ్ళ గతేమిటో ముందే లెక్క తేల్చాలని చట్టం అడిగిందా? మీతో పాటు విడిపోయిన జర్మన్‌టౌన్ సంగతి చూడు. ఆ ఊరి పేరున్న హైస్కూల్ పాత డిస్ట్రిక్టుకే మిగిలింది, ఊరు హ్యూస్టన్ హైస్కూల్ తీసుకుంది. కారణం జర్మన్‌టౌన్ హైస్కూల్లో ఎక్కువమంది ఊరి బయటి పిల్లలు. 2022లో రాష్ట్రం ఇంకో చట్టం తెచ్చాక, ఆ బిల్డింగు కూడా వదులుకోవడానికి పాత డిస్ట్రిక్ట్ ఒప్పుకోవాల్సి వచ్చింది. పొద్దున్నే బస్సెక్కి ఆ గేటు దాటిన పిల్లల్ని ఎవరడిగారు?

మరిది: జాతి వివక్ష అంటున్నారా?

వదిన: ఇక్కడి మనుషుల మనసులో ఏముందో నేను చెప్పలేను. అలబామా రాష్ట్రంలో గార్డెన్‌డేల్ అనే ఊరు కూడా ఇలాగే విడిపోబోయింది. 5 వేల జనాభా దాటితే ఊరు సొంత డిస్ట్రిక్ట్ పెట్టుకోవచ్చని అక్కడి చట్టం. నల్లజాతి, తెల్లజాతి పిల్లల్ని వేరుగా ఉంచడం మీద వేసిన 1965 నాటి కేసు వల్ల ఆ కౌంటీ బడులు అప్పటికింకా ఫెడరల్ కోర్టు పర్యవేక్షణలో ఉన్నాయి కాబట్టి సరిపోయింది. విడిపోవడం వెనక జాతి కారణం ఉందని 2017లో జడ్జి తేల్చారు. 2018లో అప్పీల్ కోర్టు పూర్తిగా ఆపేసింది. ఆ పాత కేసే లేకపోతే అడిగే దిక్కుండేది కాదు.

మరిది: మన రాష్ట్రం విడిపోయింది కూడా 2014లోనే. ఉమ్మడి శాసనసభ బిల్లు వద్దని పంపినా పార్లమెంటు ఆమోదించింది. అడిగితే ఒరిగిందేమిటి?

వదిన: ఇష్టం లేని విషయాలన్నీ ఆ సభలో రికార్డుకెక్కాయి. నీళ్ళు, ఉద్యోగులు, ఆస్తులు ఎలా పంచాలో చట్టంలోనే రాయాల్సి వచ్చింది. ఇక్కడ అంతమాత్రం కూడా లేదు.

మరిది: లెక్కలు ముందే తేల్చాలంటే సరే. మెంఫిస్ ఓటుతో మమ్మల్ని కట్టిపడేస్తామంటే మాత్రం ఒప్పుకోను.

వదిన: కట్టిపడెయ్యమని నేనూ అనడం లేదు. ఓటింగ్‌కి ముందు లెక్కలు బయట పెట్టమను. మా వైపు పేరెంట్స్‌కి సాయంత్రం ఏడింటికి ఒక హియరింగ్ పెట్టమను. పగటిపూట పెడితే డ్యూటీలు మానుకుని రాలేరు వాళ్ళు.