బురద బదిలీలు

ఈ రాష్ట్రంలో ఉద్యోగికి బదిలీ కావాలంటే నిషేధం ఎత్తేయాలి, జీవో రావాలి, ఆపైన ఎమ్మెల్యే గారి సిఫార్సు లేఖ దొరకాలి. నెల్లూరు కోస్తాలో బురదకు ఈ అగచాట్లేవీ లేవు. రొయ్యల పట్టుబడి అయిపోయి, ఐసు పెట్టెలతో లారీ రోడ్డెక్కి, గుంటలో నీళ్లు దిగితే చాలు. నాలుగు రోజుల్లో ప్రొక్లెయిన్ దిగుతుంది, ఉత్తర్వులు చేతిలో పెడుతుంది. గుంట నడిమధ్య నుంచి గట్టు మీదికి, గట్టు మీద నుంచి కాలువలోకి, కాలువలో నుంచి పక్కాయన గుంటలోకి. సర్వీసుకు బ్రేకు లేదు, రిటైర్మెంటు అసలే లేదు.

ఇది చూసి గిట్టనివాళ్లు "మీరు బురద తీయడం లేదు, తిప్పుతున్నారు" అని ఆడిపోసుకుంటున్నారు. తిప్పుతున్న మాట నిజమే. నిజంగా తీసేస్తే వచ్చే ఏడు ప్రొక్లెయిన్‌కి పనేముంటుంది? దాని ఫైనాన్సు కిస్తీలు ఈ విమర్శకులు కడతారా?

అసలు ఈ బురద విలువ తెలియకే ఈ మాటలన్నీ. ఇది వానకు కొట్టుకొచ్చిన ఊరూపేరూ లేని మట్టి కాదు. రొయ్య తినగా మిగిలిన మేత, తిన్నాక వదిలిన మలం, విడిచిన పొట్టు, చచ్చిన నాచు కలిసి తయారైన సరుకు. బస్తాలు బస్తాలు కొని వేసిన మేతలో ఉన్న నత్రజనిలో రొయ్య ఒంటికి పట్టేది పావు వంతు, అటూ ఇటూగా. మిగిలింది నీళ్లకూ బురదకూ పోతుంది. అంటే మన పెట్టుబడిలో పెద్ద వాటాదారు రొయ్య కాదు, బురద. నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు రాత్రింబవళ్లు తిరిగి, ఆ ఆస్తినంతా ఊడ్చి గుంట మధ్యలో పోగేస్తాయి. నీళ్లు తీశాక వెళ్లి చూడండి. పైన బూడిద రంగు పొర ఎండి బీటలిచ్చి అమాయకంగా ఉంటుంది. కాలు పెడితే పెళ్లున విరిగి, కింద కాటుక నలుపు, కుళ్లిన గుడ్ల వాసన. గుంటలో దిగినాయన చెప్పులు బయట కడుక్కుని వచ్చినా ఇంట్లోవాళ్లు గుర్తుపడతారు.

ఇక యంత్రం గురించి. ఆ నల్ల పొర చాలా చోట్ల బెత్తెడు ఉంటే గొప్ప. ప్రొక్లెయిన్ బకెట్ మాత్రం అడుగు లోతుకు తక్కువ ముట్టదు, దాని గౌరవం దానికుంది. కింద ఉన్న గట్టి బంకమన్ను, అదే నీళ్లు ఇంకకుండా పట్టి ఉంచేది, నల్ల బురదతో పాటు గట్టెక్కుతుంది. అప్పుడు ఆపరేటర్ తల బయట పెట్టి, "అన్నా, అడుగున ఇంకా నల్లంగానే ఉండాది, ఇంకో గంట కానిద్దామా?" అంటాడు. గంట లెక్కన బాడుగ ఇచ్చే మనిషికి ఒక వింత ధైర్యం వస్తుంది. ఇంత ఇస్తున్నాం, ఇంకాస్త లోతు తీయకపోతే ఎట్టా? "కానీ అబ్బయా" అంటాడు. సాయంత్రానికి గుంట నడుమ ఇంకో గుంట తయారు. తూము కంటే పల్లం కాబట్టి అందులో నీళ్లు బయటికి పోవు, కొత్త బురద మాత్రం బుద్ధిగా వచ్చి చేరుతుంది. బంకమన్ను పోయిన చోట నీళ్లు ఇంకుతుంటే, ఇంకిన మేరకు మళ్లీ మోటారు వేస్తాం. కరెంటు బిల్లు వేరే ఖాతా, దాన్ని బురదకు అంటగట్టకూడదు.

గుంట పూర్తిగా ఆరకముందే దించితే బండి దిగబడుతుంది. అప్పుడు దాన్ని లాగడానికి రెండో బండి వస్తుంది. రెండు మీటర్లూ తిరుగుతుంటాయి, ఇద్దరు ఆపరేటర్లకూ బేటా, టీ, బీడీలు. గట్టు మీద సలహాదారులు పదిమంది. ఊళ్లో పెద్ద తిరునాళ్ల తర్వాత అంత జనం కూడేది అక్కడే.

బయటపడ్డ బురదకు మొదటి పోస్టింగు లోపలి గట్టు వాలు మీద. టిప్పర్లు పెట్టి దూరంగా తోలాలంటే ఖర్చు, తోలినా పోయడానికి జాగా ఏదీ? ఇందుకూరుపేట, విడవలూరు వైపు చూసినా, పైన సింగరాయకొండ, కొత్తపట్నం వైపు చూసినా, సెంటు భూమి ఖాళీగా ఉంటే దాన్నీ గుంట చేసేశాం. రొయ్యకు జాగా ఉంది, షెడ్డుకు ఉంది, జనరేటర్‌కు ఉంది. బురదకు మాత్రం ప్లానులో గది లేదు. అందుకే గట్టు మీద తాత్కాలిక బస. నెల్లూరు జిల్లాకు సగానికి పైగా వాన కురిసేది అక్టోబరు నుంచి డిసెంబరు లోపే. రెండు వాయుగుండాలు పట్టాయంటే, గట్టు మీది బురద రిక్వెస్టు ట్రాన్స్‌ఫర్ మీద సొంత గుంటకు వచ్చేస్తుంది. జాయినింగ్ రిపోర్టు కూడా అడగరు.

చురుకైన రైతులు ఇంత దూరం రానివ్వరు. మోటారు పెట్టి, పైపుతో బురదను కడిగి నేరుగా కాలువలోకి కొట్టేస్తారు. 1878లో మద్రాసు గవర్నరు బకింగ్‌హాం పేరు పెట్టుకున్న ఈ కాలువను 2008లో జాతీయ జలమార్గం 4లో చేర్చారు. పడవలు ఇవాళ వస్తాయి, రేపు వస్తాయి అని చూస్తున్నవాళ్లకు ఒక సంతోషవార్త. ఆ మార్గంలో రవాణా ఎప్పుడో మొదలైంది. మా బురద టిక్కెట్టు లేకుండా తిరుగుతోంది.

చట్టం లేదా అంటే ఉంది. 2005 నాటి కోస్తా ఆక్వా నిబంధనల్లో 5 హెక్టార్లు దాటిన ఫారం వ్యర్థపు నీటిని నిలబెట్టి తేర్చాకే బయటికి వదలాలని రాశారు. మన దగ్గర ఎక్కువ మందివి అంతకంటే చిన్న గుంటలు. చిన్న రైతు బురద చిన్న బురదే కాబట్టి వదిలేశారనుకోవాలి. అట్లాంటి చిన్న బురదలు కొన్ని వందలు కండలేరు క్రీకులో, అంటే సముద్రపు పాయలో, కలిస్తే ఏమవుతుందో 1994-95లో చూశాం. తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్యను తుడిచిపెట్టింది. అందరూ నీళ్లు తోడుకునేది ఆ క్రీకులోనే, వదిలేదీ ఆ క్రీకులోకే. 2009లో వెనామీ అనే వేరే రకం రొయ్యకు అనుమతి వచ్చింది, రొయ్య మారింది. క్రీకు మారలేదు.

ఇప్పుడు ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి వచ్చింది. రొయ్య చావదు, ఎదగదు. మేత మాత్రం తింటుంది, కౌంట్, అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క, అక్కడే ఆగిపోతుంది. దాని బీజాలు బురదలో దాక్కుంటాయి. శాస్త్రవేత్తలు చెప్పే మందు వినడానికి కూడా విసుగు. గుంటను బాగా ఎండబెట్టాలట. హెక్టారుకు 6 టన్నుల కాల్చిన సున్నం, నీళ్లు తగిలితే బుసబుస పొంగేది, చల్లి జానెడులోపు లోతుకు దున్ని కలపాలట. తడిపితే మట్టి పీహెచ్ 12 దాకా పోవాలట. మనం నాలుగు మూటలు తెచ్చి సంక్రాంతి ముగ్గులాగా అంచుల వెంట పోసి, ఫొటో తీసి కన్సల్టెంట్‌కు పంపుతాం. ఆయన బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెడతాడు. శానిటైజేషన్ పూర్తి.

ఇందులో రైతును అనడానికి నాకు నోరు రాదు. గుంట ఆయనది కాదు. భూమి ఆసామి నెల్లూరు టౌన్‌లో ఉంటాడు, లీజు ఏడాదికి ముందే లెక్క కట్టి తీసుకుంటాడు. ఆ ఏడాదిలో రెండు క్రాపులు తీయకపోతే మేత షాపు బాకీ తీరదు. నెల రోజులు ఎండబెట్టమంటే నెల లీజు ఎండబెట్టినట్టే. ఎండ ఊరికే దొరుకుతుంది గానీ టైము దొరకదు. ఎండ నెల పట్టే పనిని ప్రొక్లెయిన్ రెండు రోజుల్లో చేసినట్టు కనిపిస్తుంది, పైగా చప్పుడు చేస్తుంది. చప్పుడు చేసేదానికి డబ్బులివ్వడం మనకు అలవాటు.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపాలు రెండే. బురదకు గుర్తింపు సంఖ్య ఇచ్చి, ఎవరి గుంటలో పుట్టింది, ఇప్పుడు ఎవరి గుంటలో డ్యూటీ చేస్తోంది, ఎవరి ప్రొక్లెయిన్ ఎన్నిసార్లు మోసింది అనే సర్వీసు రిజిస్టరు తెరవాలి. రెండోది, లీజు కాగితంలో గుంట ఎండబెట్టే నెలకు లీజు ఉండదని ఒక్క ముక్క రాయించాలి. మొదటిదానికి కమిటీ వేస్తారని నాకు గట్టి నమ్మకం. రెండోది వినగానే మా ఊరి ఆసాములు, ఏ కులం, ఏ పార్టీ అన్న తేడా లేకుండా, ఒక్కసారిగా పగలబడి నవ్వారు.

ఈలోపు పనులు ఆగలేదు. మా రైతుల వాట్సాప్ గ్రూపులో నిన్న రాత్రి ఒకాయన, "అన్నలూ, రేపు మా గుంట బురద కాలువకు కొడుతుండాం, ఎవురూ పోటుకు మోటర్లు వెయ్యబాకండి" అని మర్యాదగా చెప్పాడు. కింద ఇరవై దండాలు పడ్డాయి. ఆ తర్వాత కాలువ దిగువ నుంచి ఒకాయన అడిగాడు: "అన్నా, మేం మొన్న కొట్టింది మీరు తోడుకునేశారా, ఇంకా ఉందా?"